పెటీ ద గ్రా రేవు

కెనడా దేశపు తూర్పు కొసన, నోవా స్కోషియా రాష్ట్రమున, కేప్ బ్రెటన్ అను పెద్ద దీవి కలదు. దాని దక్షిణపు టొడ్డున, సన్నని జలసంధి కావల, ఐల్ మేడమ్ అను చిన్న దీవియు, ఆ దీవి నొక వంతెనతో పట్టుకొనియున్న పెటీ ద గ్రా అను జాలరి పల్లెయు ఉన్నవి. 2013 జూన్ 1వ తేదీ ఉదయమున, ఈ పల్లె రేవునకు కొద్ది దూరములో, చిన్న పడవలో ఒంటరిగా తిరుగుచున్న 43 ఏండ్ల మనిషి యొకడు కనబడకుండ పోయెను. దెబ్బతిన్న పడవ దొరకినది, మనిషి దొరకలేదు, ఈతగాండ్రు నీటి యడుగున ఎంత వెదకినను దేహము నేటివరకు బయటపడలేదు. సముద్రముమీద బ్రదుకువారికి సముద్రములో చావు వింత కాదు గనుక, తొలుత అదియు మరియొక ప్రమాదమని సరిపెట్టుకొనుటకు వీలుండెను. కాని కొద్ది దినములలోనే పోలీసువారు తేల్చినదేమనగా, ఆ మనిషిని సముద్రము చంపలేదు, ఊరివారే చంపిరి. తగవునకు మూలము లాబ్‌స్టరు అను రొయ్యవంటి జీవమును పట్టుటకు నీటి యడుగున వేయు బోనులు. లాబ్‌స్టరుకోసము నరహత్య యని శీర్షికలు పెట్టి దేశదేశముల పత్రికలు ఆ వార్తను అచ్చువేసినవి. చదివినవారు అంత స్వల్పమునకు అంత ఘోరమా యని ఆశ్చర్యపడిరి. ఆ పల్లెవారు మాత్రము ఆ శీర్షికను చూచి నొచ్చుకొనిరి.

హత్య జరిగిన చోట్లను వెదకికొనిపోయి చూచు అలవాటు నాకు లేదు. సిడ్నీ పట్టణమునందలి కేప్ బ్రెటన్ విశ్వవిద్యాలయమున మా మేనల్లుడు చదువుచుండెను. ఇటీవలి సంవత్సరములలో మన దేశమునుండి వేలకొలది విద్యార్థులు ఆ విద్యాలయమునకు పోయి చేరుటచే, ఆ చలిసీమ బస్సులలో తెలుగు మాట చెవినిబడుట ఇప్పుడు విశేషము కాదు. వానిని చూడబోయిన సందర్భమున, ఐల్ మేడమ్ అక్కడికి పూటలో పోయిరాదగిన దూరమున నున్నదని తెలిసి, చూడవలెనని నేనే పట్టుబట్టితిని. బాపట్ల తీరపు పల్లెలలో బాల్యము గడపినవాడనగుటచే, వల తెగి వచ్చిననాడు ఆ యింట పొయ్యి రాజుకొనుట ఎంత ఆలస్యమగునో, "ఎవడు కోశాడు?" అను ప్రశ్న ఎంత వేగముగా ఒక మనిషి పేరుగా మారునో నేనెరుగుదును. పొలము గట్టు తగాదాకు ఒకప్పుడు కరణముగారు గొలుసు పట్టించి కొలిచి ఇది నీది, అది వానిది యని చెప్పగలిగెడివారు. నీటిమీద గట్టు ఏది? గొలుసు ఎక్కడ వేయుదురు? అట్టి చోట మనుష్యులు ఏ నమ్మకముతో పక్కపక్కన బ్రదుకుదురో, ఆ నమ్మకము చెడిననాడు ఏమి జరుగునో తెలిసికొనవలెనను కోరికయే నన్ను ఆ దారిని పట్టించెను.

అది మే మాసాంతము. మన యూళ్లలో రోహిణికార్తె యెండలు రోళ్లు పగులగొట్టుచుండు ఆ దినములలో అక్కడ కోటుమీద కోటు తొడిగికొని బయలుదేరితిమి. దారి చాలవరకు బ్రా డోర్ అను ఉప్పునీటి సరస్సు పక్కగా సాగినది. సరస్సు చివర సెయింట్ పీటర్స్ అను గ్రామమున, ఆ నీటిని అట్లాంటిక్ సముద్రముతో కలుపుచు 1869లో ముగించిన కాలువను, దాని లాకులను కారు దిగకయే చూచి, మరికొంత దూరమేగి లెనెక్స్ జలసంధిమీది వంతెన దాటితిమి. దీవిలో అడుగిడినంతనే ఇండ్ల ముంగిళ్లలోను, ఉత్తరముల డబ్బాలమీదను, కరెంటు స్తంభములమీదను ఒకే పతాకము కనబడసాగెను: నీలము, తెలుపు, ఎరుపు చారలు గల ఫ్రెంచి జెండా; నీలపు చారమీద మాత్రము పసిమి నక్షత్రమొకటి. అది అకాడియనుల జెండా. ఆ నక్షత్రము నావికులకు దారి చూపు మేరీమాతకు గుర్తు. 1884లో వారు దానిని తమదిగా ఎన్నుకొనిరి.

అకాడియనుల చరిత్ర తెలియనిదే బయటివారి యెదుట ఈ పల్లెవారు పాటించు మౌనము అర్థము కాదు. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సునుండి వచ్చి ఈ తీరముల స్థిరపడిన ఆ రైతులను, జాలరులను, తమ రాజునకు నిష్ఠాప్రమాణము చేయరైరను కారణమున ఆంగ్లేయులు 1755 మొదలు కొన్నేండ్లపాటు వేలకొలదిగా ఓడలకెక్కించి దిక్కులకొకరిగా వెడలగొట్టిరి. ఇండ్లు కాల్చిరి, కుటుంబములను విడదీసిరి. తప్పించుకొన్నవారును, పిమ్మట తిరిగి వచ్చినవారును మంచి భూములు పోయినవి గనుక ఇట్టి రాతిదీవుల చేరి చేపలు పట్టుకొని బ్రదికిరి. అంతలో ఇంగ్లీషు కాలువయందలి జెర్సీ దీవినుండి వర్తకులు వచ్చి ఆరిషా రేవున కొట్లు తెరచి, ఉప్పు, పిండి, తాళ్లు, గుడ్డలు అప్పుగా నిచ్చి, ఋతువు ముగియగనే ఎండుచేపను తాము చెప్పిన ధరకు జమకట్టుకొనిరి. పెట్టుబడి ముందుగా నిచ్చి వేటనంతయు తన కొట్టుకే కట్టివేసికొను మన రేవుల షావుకారిని ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తది గాదు. ఇట్లు తరతరములుగా సర్కారును, కోర్టును, కొట్టును ఎదుటి పక్షపువానివిగనే చూచిన జనమునకు, తమ తగవు తామే తీర్చుకొనుట, బయటివానికి నోరు విప్పకుండుట స్వభావమైపోయినది.

ఆరిషాలో 1837 నాటి కొయ్య చర్చిని చూచితిమి. ఒకప్పుడు అది ఈ ప్రాంతపు బిషప్పుగారి పీఠము. 1853లో ఇక్కడ మొదలైన చిన్న విద్యాలయమే రెండేండ్లకు ఆంటిగోనిష్ పట్టణమునకు తరలిపోయి సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయమైనది. ఇరువదవ శతాబ్దపు మూడవ నాలుగవ దశకములలో, ఆ విద్యాలయపు మతాచార్యులే పల్లెపల్లెకు తిరిగి, జాలరులను రాత్రిపూట దీపము చుట్టు కూర్చుండబెట్టి, సహకార సంఘములు పెట్టుకొనుట నేర్పిరి. అఖాతమున కెదుట నున్న కాన్సో రేవున 1927లో జిమ్మీ టాంప్‌కిన్స్ అను పాదిరి ప్రోద్బలమున జాలరులు సభచేసి మొరపెట్టుకొనగా, ప్రభుత్వము విచారణ సంఘమును వేయవలసివచ్చెను; 1930లో జాలరుల సమాఖ్య యొకటి వెలసెను. మొర విను నాథుడు లేనిచో పదిమందియు కలిసి గొంతెత్తవచ్చునని ఈ తీరము అనుభవమున ఎరుగును. ఈ సంగతి నేనిచట చెప్పుటకు హేతువు తరువాత తేటపడగలదు.

ఈ పల్లెలను తరతరములుగా పోషించినది కాడ్ అను చేప. పెద్ద పెద్ద ఓడలు రాత్రింబవళ్లు సముద్రపు టడుగును ఊడ్చి పట్టగా అది తరిగి తరిగి, 1992లో న్యూఫౌండ్‌లాండు వైపునను, మరుసటి యేడు ఈ వైపునను దానిని పట్టరాదని సర్కారు నిషేధించెను. ఇక్కడి చేపల ఫ్యాక్టరీ మూతపడెను. గంటకు ఇంత యని కూలి గట్టుకొని, ముసలితనమునకు పింఛను వచ్చునని నమ్మియున్న వందల కుటుంబములు వీధినబడినవి. మిగిలినది లాబ్‌స్టరు. దానిని పట్టు లైసెన్సులు సర్కారు లెక్కకట్టి యిచ్చినవే గనుక, కొత్తవానికి పుట్టవు. ఉన్నవాడు అమ్మిన లక్షల డాలర్లు పలుకును. ఒకప్పుడు పేదవాని తిండియని చిన్నచూపు చూడబడి, బడిపిల్లలు తమ డబ్బాలో అది యున్నదని దాచుకొని తినెడివారని చెప్పుకొను ఆ జీవమే, ఇప్పుడు ఊరికంతకు ఏకైక భాగ్యమైనది. అది గలవాని యింటికి, లేనివాని యింటికి మధ్య, ఇంతకుముందు లేని గోడ యొకటి లేచెను.

పెటీ ద గ్రా చేరునప్పటికి మధ్యాహ్నమగుచుండెను. తెల్లవారుజామున నాలుగింటికి పోయిన పడవలు ఒక్కొక్కటియే తిరిగివచ్చుచుండెను. రేవుమీద పేర్చిన బోనులు మనిషెత్తు గోడలై యున్నవి. ఎర చేపల నీచు, డీజిలు కంపు, తడితాళ్ల వాసన ఏకమై చీరాల వాడరేవున నిలుచుంటినా యని తోచెను. ఒక వృద్ధ జాలరి బోను మరమ్మతు చేసికొనుచుండగా దగ్గరకు పోయి, మాదియు సముద్రపు టొడ్డే యని పరిచయము చేసికొంటిని. ఆయన ఫ్రెంచి యాస నిండిన ఇంగ్లీషులో మాటాడెను. మీ దేశమున వేటకు ఋతువున్నదా యని మొదట అడిగెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరబోట్లకు నిషేధమని చెప్పగా, తమకు దాదాపు అదే కాలమున, ఏప్రిల్ ఆఖరునుండి జూన్ ఆఖరువరకు, రెండు నెలలు మాత్రమే లాబ్‌స్టరు వేట కనుమతి యని చెప్పి, మీకు వేట వద్దన్నప్పుడే మాకు వేట యని నవ్వెను.

ఆయన చేతిలోని బోనును నేను సావకాశముగా చూచితిని. వంగిన కొయ్య బద్దలకు సన్నని చెక్క పట్టీలు మేకులతో బిగించి, రెండు కొసలయందు వల అల్లిన ఆ పెట్టె అడుగున, అలకు పొర్లకుండుటకై బరువులు కట్టబడినవి. పక్కలందు గుండ్రని కంతలు. ఆ కంతలకు లోపలివైపు సన్నగిలు వలగొట్టములు. లోపల రెండు గదులు. మొదటిదానిని వంటయిల్లు అందురు. అందు మేకుకు గుచ్చిన చేపముక్క ఎర. ఎర తిని వెలుపలికి పోజూచిన జీవము, వచ్చిన దారి పైనుండుటచే అది దొరకక, మరియొక వలగొట్టము గుండ లోపలి గదికి జారును. దానిని సావడి యందురు. అక్కడ చేరినదానికి మరల దారి లేదు. కాని ఆ సావడి గోడకు సన్నని సందొకటి విడిచిపెట్టబడినది. పిల్లలైనచో అందుండి వెళ్లిపోవలెనని చట్టము. జేబులోనుండి ఇత్తడి కొలబద్ద తీసి, ఒక లాబ్‌స్టరు కంటిగుంటనుండి వీపుచిప్ప చివరవరకు పట్టి చూపెను. వెంట్రుకవాసి తక్కువైనను దానిని నీట విడువవలసినదే. తోకక్రింద నల్లని గుడ్లు కుప్పగా నంటియున్న ఆడదానిని ఎత్తి, మాకు చూపినంతసేపును నొచ్చునేమో యన్నట్లు అరచేత ఆనించి పట్టుకొని, మెట్లు దిగి నీటిలో విడిచెను.

ఇన్ని నియమములతో పట్టవలసిన దానికి కాపలా ఏమున్నదని అడిగితిని. ఆయన గోడకు వ్రేలాడు బెండ్లను చూపెను. ఒక్కొక్క లైసెన్సుకు 250 బోనులు. ఒక్కొక్క జాలరి బెండ్లకు తన రంగులు తనకు కలవు. నీటి యడుగున బోను, పైన రంగు బెండు, నడుమ వేలి లావు తాడు; ఆ బోను నాదియని చెప్పుటకు నీటిపై కనబడు గుర్తు ఆ రంగే. ఎవడైనను చీకటిలో వచ్చి తాడు పైకి లాగి, ఉన్నది తీసికొని బోనును మరల నీట విడిచినయెడల, పోయినది ఒకనాటి వేట. తాడునే కోసినయెడల బోను అడుగుననే యుండును. పడవలోనుండి దాని జాడ తెలియదు. లోన చిక్కినవి లోననే చచ్చును. బోను ఖరీదు ఒకయెత్తు, రెండు నెలల ఋతువులో తిరిగిరాని దినములు ఒకయెత్తు. ఏడాది తిండి, పడవ అప్పు, పిల్లల చదువు ఆ అరువది దినములలోనే సంపాదింపవలెను. ఆ రేవున తాడు కోయువానిని దొంగకంటె హీనముగా చూతురు. దొంగకు ఆకలియనియైనను సాకుండును. తాడు కోసిన చేతికి ఏ సాకును లేదు.

చనిపోయిన మనిషికి ఈ రెండు పనులును అలవాటని ఊరందరి మాట. అతని పేరు, చంపినవారి పేర్లు ప్రపంచమంతట అచ్చయినవి. వారి బిడ్డలు, తోబుట్టువులు ఇంకను ఆ ప్రాంతముననే యున్నారు గనుక ఇచట మరల వ్రాయను. అతడు చిన్న మరపడవ వేసికొని వేకువనే యితరుల బోనులు లాగెడివాడు. పట్టినది చవుకగా నమ్మెడివాడు. ఎదిరించినవాని తాళ్లు కోసెడివాడు. ఇల్లు తగులబెట్టెదనని బెదరించెడివాడు. పలుమారులు జైలునకు పోయి వచ్చెను. పోలీసులు వెదకునప్పుడు అడవిలోను, ఎవరి కొట్టములోనో దాగెడివాడు. ఇది ఒకవైపు. మరియొకవైపున, ఆ మనిషియే ముసలివాండ్ర గుమ్మములయందు లాబ్‌స్టర్లు పెట్టి పోయెడివాడనియు, పిల్లలతోను కుక్కలతోను అతనికి చాల ప్రేమయనియు, మాట చమత్కారమనియు చెప్పుదురు. దొంగ సొమ్మని తెలిసియు చవుకగా కొన్న చేతులు ఆ యూర లేకపోలేదు. కొన్న చేతికిని, పోగొట్టుకొన్న చేతికిని మధ్య దూరము కొన్ని వీధులు మాత్రమే.

పోలీసువారికి చెప్పలేదా యన్న ప్రశ్న బయటివాని నోట మొదట వచ్చునది. చెప్పిరి. మత్స్యశాఖవారికిని చెప్పిరి. అయినను నడిసముద్రమున చీకటిలో జరుగుదానికి సాక్షి యెవరు? చూచినవాడు కోర్టున నిలువవలెనన్న, ఆ రాత్రి తన కొట్టము కాలిపోవునేమో యను భయము. పట్టుబడినపుడు కొద్ది నెలల జైలు. తిరిగి వచ్చిన పిదప కక్ష. ఒక శాఖవారు ఇది దొంగతనము, పోలీసుల పనియందురు; పోలీసువారు ఇది వేట సంగతి, మీ శాఖ పనియందురు. ఇట్లు ఏండ్లు గడచినవి. అతడు చేసినవి విడివిడిగా చూచిన చిన్న నేరములు. అట్టి చిన్న నేరమును తీర్చుటకు ఎవరును పూనుకొనలేదు.

ఆ యుదయమున ఏమి జరిగినదో కోర్టున వెల్లడియైనది. ముగ్గురు, బంధుత్వముగలవారు, తమ వేటపడవలో పోవుచు తమ బోనులవద్ద అతనిని చూచిరి. వారిలో నొకడు తుపాకి తీసి నాలుగుసార్లు కాల్చెను. పెద్ద పడవను చిన్న పడవమీదికి మూడుసార్లు నడిపిరి. నీటబడినవానిని కొక్కెపు కర్రతో పట్టి లోతు నీటికి ఈడ్చుకొనిపోయి, లంగరుకు కట్టి విడిచిరి. ఈ వృత్తాంతము చెప్పినవాడు ఆ పడవలోని కళాసీయే. 2014 నవంబరులో పోర్ట్ హాక్స్‌బరీ పట్టణమున జూరీవారు, తుపాకి కాల్చినవానిని హత్యానేరమునుండి విడిచి, మన శిక్షాస్మృతి హత్య కాని నరహత్య యను దానికి సమీపమైన నేరమును స్థిరపరచిరి. 14 ఏండ్ల శిక్ష పడెను. పడవ నడిపిన సరంగు మరుసటి యేడు అదే నేరము నొప్పుకొనగా అతనికి 10 ఏండ్లు. సాక్ష్యము చెప్పిన కళాసీకి, జరిగినదానిని కప్పిపుచ్చుటలో తోడ్పడినందుకు, స్వల్ప శిక్ష. దేహము లేకుండ నరహత్య రుజువగునా యని సామాన్యులు సందేహింతురు గాని, చావు జరిగినదని ఇతర సాక్ష్యముచేత నిస్సందేహముగా తేలినచో దేహము అనివార్యము కాదని మన కోర్టులును ఒప్పుకొనిన న్యాయమే.

తీర్పు వెలువడిన పిదప కొందరు శిక్ష తక్కువయనిరి, కొందరు ఎక్కువయనిరి. మరికొందరు శిక్షను గూర్చి పలుకుటయే మానిరి. ఆ దీవిలోనే దెస్కూస్ గ్రామమున చిరకాలము నివసించిన రచయిత సిల్వర్ డోనాల్డ్ కామెరాన్ ఈ కథనంతయు ఒక పుస్తకముగా వ్రాసెను. 2020లో ఆయన మరణించిన కొద్ది నెలలకు అది వెలువడెను. బయటి పత్రికలకు పట్టని దానిని, అనగా ఆ మనుష్యులు ఒకరికొకరు ఎంత దగ్గరివారో దానిని, పొరుగువాడుగా నుండి వ్రాయుటయే ఆయన చేసిన మేలు.

రేవునుండి తిరిగివచ్చుచు దారిలో నొక దుకాణమున కాఫీ త్రాగుచుండగా మా మేనల్లుడు మెల్లగా, "ఇంతకీ ఊరు ఎవరి వైపు మామయ్యా?" అని అడిగెను. మన పల్లె తగవులలో ఈ ప్రశ్నకు జవాబు సులువు. పడమటి వీధి ఒక పక్షము, తూర్పు వీధి ఒక పక్షము. నీళ్లకు పోవు దారి వేరు, తిరునాళ్ల పందిరి వేరు. ఇచటను కుటుంబములు విడిపోయినమాట వాస్తవమే. చర్చిలో ఒకే బల్లమీద కూర్చుండెడివారు ఎడమై కూర్చుండుట నిజమే. కాని ఆ దినమున నేను మాటాడిన నలుగురైదుగురి మాటలను తలపోసికొనగా, ఆ చీలిక ఇంటికి ఇంటికి మధ్య నున్నదానికంటె ఒక్కొక్క మనిషి లోపలనే ఎక్కువగా నున్నట్లు తోచెను. ఆ వృద్ధ జాలరి, "వాడు మమ్మల్ని బతకనివ్వలేదు" అన్న నోటితోనే, ఊపిరి తీసికొనకయే, "ఐనా వాడు మా పిల్లవాడు" అనెను. మొదటి వాక్యమునకు రెండవది ఖండనము కాదు. రెండవదానికి మొదటిది సమర్థనము కాదు. అతడు చావవలెనని కోరితిరా యని అడిగినచో ఆ యూర ఎవరును ఔననరు. అతడు ఎటైనను పోయిన బాగుండునని ఎన్నడును అనుకొనలేదా యని అడిగినచో లేదనుటకు ఎవరికిని నోరు రాదు. ఈ రెండు జవాబుల నడుమ ఆ ముగ్గురు ఆ ఉదయమున పడవ నడిపిరి.

"అట్లయితే తప్పు అందరిదీనా?" అని మేనల్లుడు మరల అడిగెను. కాదని వెంటనే చెప్పితిని. ఊరందరిది తప్పనుట వినుటకు ఉదాత్తముగా నుండును గాని, అది తుపాకి పట్టినవాని భారమును తేలిక చేయుట. నాలుగవమారు కాల్చునప్పటికైనను, పడవను మూడవమారు త్రిప్పునప్పటికైనను చేయి ఆపుటకు వ్యవధి యుండెను. దానిని వాడుకొనకపోవుట ఆ ముగ్గురిది, మరియెవరిదియు కాదు. కోర్టు తూచవలసినది దానినే, తూచినది దానినే. కాని కోర్టు తూనికకు అందని శేషమొకటి ఆ రేవున మిగిలియున్నది. ఫిర్యాదు వ్రాసికొని ఊరకుండిన అధికారిది కొంత. చవుకగా కొని తిన్నవానిది కొంత. తన తాళ్లు తెగనంతవరకు పొరుగువాని తాళ్లను గూర్చి చింతింపనివానిది కొంత. ఈ శేషమునకు శిక్ష లేదు గనుక ప్రాయశ్చిత్తమును లేదు. అందుచేతనే అది తరతరములకు నడచును.

మన తీరమున ఇట్టి తగవులకు ఒక ఏర్పాటు ఉండెడిది. కొన్ని పల్లెలలో నేటికిని ఉన్నది. కులపెద్దలు రచ్చకట్టమీద కూర్చుండి, వల కోసినవానిని పిలిపించి, తప్పు కట్టించి, కట్టకున్న వెలివేసెదరు. కట్టుబాటు అని దానికి పేరు. అందలి దోషములు నాకు తెలియనివి కావు. పెద్దల బంధువునకు ఒక న్యాయము, దిక్కులేనివానికి ఒక న్యాయము జరుగుటను, ఆడవారి మొర వినబడకుండుటను, వెలి పేరిట కుటుంబములు కూలిపోవుటను చూచినవాడనే. అయినను అందొక గుణము కలదు: తగవు చిన్నదిగా నున్నప్పుడే, మరునాడే, ముఖాముఖిగా తీరును. ఆ గుణమును కోల్పోయిన చోట మనకును గతి వేరు కాదు. 1994 నాటి చట్టము ననుసరించి తీరమునుండి 8 కిలోమీటర్ల నీరు సంప్రదాయ పడవలకు విడువబడినదని మన జాలరులందరికి తెలిసినదే. అయినను ఎనిమిదవ కిలోమీటరు ఎక్కడ ముగిసినదో చెప్పు రాయి నీటిమీద లేదు. 2022 జనవరిలో విశాఖపట్టణపు రేవులలో రింగువలలవారికి, సంప్రదాయ జాలరులకు నడిసముద్రముననే కలహము లేచి, పడవలు తగులబడి, ఆ పల్లెలలో 144వ సెక్షను పెట్టవలసివచ్చెను. కొట్టుకొన్నవారు ఒకే వృత్తివారు, చాలమంది ఒకరికొకరు వియ్యములందినవారు.

పాదిరులు కాన్సోలో జాలరులను కూడగట్టిన కథ నిందుకే ముందు చెప్పితిని. ఆనాడు వారి విరోధి దూరమున నుండెను: పెద్ద ఓడల కంపెనీలు, ధరలు నిర్ణయించు వర్తకులు. దూరపు శత్రువునకెదుట పదిమంది ఏకమగుట కష్టమైనను సాధ్యము. పెటీ ద గ్రాకు వచ్చిన ఆపద పక్కయింటిలో పుట్టెను. దానికెదుట ఏకమగుటకు, దొంగను పట్టుటకు చూపిన కోపములో సగమైనను అతనిని దారికి తెచ్చు ఓర్పుగా మారవలసియుండెను. లేదా ఊరి పక్షమున ఒక అధికారి, చీకటివేళ చిన్న పడవ వేసికొని, ఆ బెండ్ల నడుమ మాటిమాటికి తిరిగి, నీ తాడు తెగిన సంగతి నాకు ముఖ్యమేయని జాలరికి నమ్మిక కలిగింపవలసియుండెను. రెండును జరుగలేదు.

చిన్న దొంగతనములను విచారించుట ప్రభుత్వములకు ఖర్చుతో కూడిన పనిగా కనబడును. ఒక మనిషి బోను ఎంత, దానిలోని లాబ్‌స్టరు ఎంత, దానికై పడవను, డీజిలును, జీతగాండ్రను పంపుట ఎంత యని గుమాస్తా లెక్కవేసిన, ఎన్నడును గిట్టుబాటు కాదు. ఆ లెక్కలో చేర్చని పద్దు ఒకటే: ఆ పని తాము చేయనపుడు దానిని చేయువారు మరియెవరో పుట్టుదురు, వారి పద్ధతి తమ పద్ధతిగా నుండదు. ఒక తాడు తెగిన కేసుకు సమయము లేదన్న వ్యవస్థయే ఆ పిమ్మట పోలీసులను, ఈతగాండ్రను, జడ్జీలను, జూరీలను, జైళ్లను పెట్టి రెండేండ్లపాటు ఒక చావును విచారింపవలసివచ్చెను. మన రేవులలోని మత్స్యశాఖ కార్యాలయములవారు తమ బల్లమీద పడిన వల తగవు అర్జీని రేపటికి త్రోయబోవు ప్రతిసారియు ఈ ఖర్చును కూడ ఆ కాగితపు మూలన వేసికొనవలెను.